సంసారుల గోడ

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు మనకి చాలా దూరంలో ఉన్నారు. వాళ్ళ నోటితోనే మీకు వినిపించాలని ఆగుతూ వచ్చాను. ఇంకా ఆగితే నేనూ మరిచిపోతానేమోనని ఇప్పుడు చెప్పేస్తున్నాను. నాకు తెలిసినంతే చెబుతాను. తెలియనిచోట తెలియదనే అంటాను.

కృష్ణ ఒడ్డున, నల్లమల అడవి మొదలయ్యే చోట, వెనకటికి ఒక చిన్న జంగమ మఠం ఉండేది. కొండంచు మఠం అనేవారు. అక్కడ గురుపాదయ్య స్వామి అని ఒక పెద్దాయన, ఆయన దగ్గర రేవణ్ణ అని ఒక శిష్యుడు. మిగతా శిష్యులు కూడా ఉండేవారు గాని ఈ కథలో వాళ్ళకి పని లేదు.

రేవణ్ణ కష్టం ఏమిటంటే, అతనికి చదువు మీద ఆకలి చచ్చిపోయింది.

పదేళ్ళ వయసులో మఠానికి వచ్చాడు. పన్నెండేళ్ళు చదివాడు. తర్కంలో అతనితో వాదించి నెగ్గినవాడు చుట్టుపక్కల నాలుగు మఠాల్లో లేడు. ఈమధ్య ఏ పుస్తకం విప్పినా, మొదటి వాక్యం చూడగానే చివరి వాక్యం ఏమిటో చెప్పేస్తున్నాడు. మొదట్లో అది గొప్పగానే అనిపించింది. నాలుగు నెలలు గడిచేసరికి భయం పట్టుకుంది. పొద్దున్నే స్నానం చేసి పుస్తకం ముందు కూర్చుంటే ఆవలింత వచ్చేది. పుస్తకాల మధ్యే బతకాలని ఇల్లు వదిలి వచ్చినవాడికి పుస్తకం చూస్తే ఆవలింత రావడం చిన్న సంగతి కాదు కదా. ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపలే నలిగిపోయాడు.

చివరికి ఒకరోజు గురువుగారి దగ్గరికి వెళ్ళి మొక్కాడు.

"శరణు స్వామీ. నాకు సెలవు ఇప్పించండి."

"ఎక్కడికి?"

"దక్షిణాదికి. అక్కడ ఒక మఠంలో చాలా పెద్ద పుస్తకాల గది ఉందట."

"మన గదికి ఏమైంది?"

"అయిపోయింది స్వామీ."

గురుపాదయ్యకి ఒక కన్ను పూర్తిగా, రెండో కన్ను సగం మసకేశాయి. ఆ సగం కంటితో శిష్యుణ్ణి పైనుంచి కిందికి చూశారు. "గది ఎలా అయిపోతుంది నాయనా?"

"చదవడం అయిపోయిందండీ."

"కుడి గోడ?"

ఆ గది సంగతి కొంచెం చెప్పాలి. పొడుగాటి గది. ఎడమ గోడ నిండా శాస్త్రాలు. కుడి గోడ నిండా మిగతావి. పాడి, వంట, బావులు తవ్వడం, పిల్లల్ని జోకొట్టే పాటలు, ఇలాంటివి అని శిష్యులకి వినికిడి. విప్పి చదివినవాళ్ళు లేరు. దానికి వాళ్ళలో వాళ్ళు సంసారుల గోడ అని పేరు పెట్టుకున్నారు.

రేవణ్ణకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "అవి పుస్తకాలేమిటి స్వామీ? బర్రె పాలు చేపకపోతే ఏం చెయ్యాలో రాసుకున్నవి."

"ఏం చెయ్యాలి?"

రేవణ్ణ తల గోక్కున్నాడు.

"సరే," అన్నారు గురుపాదయ్య. "నేను ఆపను. దసరా వెళ్ళింది, పుస్తకాలకి నూనె రాసే రోజులు. కుడి గోడ పని నువ్వు చూసుకుని, అన్నీ కట్టి పెట్టేసి బయల్దేరు."

రెండు మూడు రోజుల పని. రేవణ్ణ తల ఊపి వచ్చేశాడు.

మఠంలో వంట చేసే సిద్ధమ్మకి అప్పటికే సంగతి తెలిసిపోయింది. ఆవిడకి తెలియని సంగతి ఆ మఠంలో ఉండేది కాదు. "పోతావంట గదా," అంది, అతని ఆకులో రాగిముద్ద పెడుతూ.

"అవును సిద్ధమ్మా."

"పొద్దున పూట ఆయనకి చదివి వినిపించేదెవరు?"

"ఎవరో ఒకరు చదువుతారు."

"ఆ. చదువుతారు. ముక్కులోంచి." రెండో ముద్ద పెట్టకుండానే వెళ్ళిపోయింది.

అప్పటి పుస్తకాలు మీరు చూసేలాంటివి కావు. తాటాకుని కమ్మలుగా కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, ఇనప గంటంతో గీసి రాసేవారు. కమ్మకి మధ్యలో చిల్లు పెట్టి, అన్నిటికీ కలిపి ఒక దారం ఎక్కించి, కిందా పైనా చెక్కలు పెట్టి కట్టేవారు. అదే కట్ట. కట్టకి పైన చెక్క మీద పేరు ఉండేది. కమ్మ మీద పేరు ఉండదు, అంచున అంకె మాత్రం ఉంటుంది. ఏడాదికొకసారి దారం లాగి, ఒక్కొక్క కమ్మకీ నిమ్మగడ్డి నూనె రాసి, నీడలో ఆరబెట్టాలి. లేకపోతే పురుగు తినేస్తుంది.

కొండంచు మఠంలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. అక్కడ కమ్మలన్నీ ఒకటే కొలతకి కోసేవారు. రాసేవాళ్ళందరికీ ఒకటే చేతిరాత నేర్పేవారు. ఏ పుస్తకం చూసినా ఒక్క మనిషి రాసినట్టే ఉండేది. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు కూడా.

మొదటి రోజు రేవణ్ణ వసారాలో వరసగా చాపలు పరిచాడు. కుడి గోడ నుంచి ముప్పై రెండు కట్టలు దించాడు. ముప్పై రెండని ఒకసారి, ముప్పై నాలుగని ఇంకోసారి విన్నాను. తక్కువదే చెబుతున్నాను. ఒక్కో కట్టకి ఒక్కో చాప. దారాలు లాగాడు, నూనె రాశాడు, కమ్మలు పరిచాడు. అక్షరం మీద కన్ను ఆనలేదు, చెయ్యి మాత్రం చకచకా సాగింది. మధ్యాహ్నానికి పని ముగించి ఏటికి స్నానానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి చాపలు ఖాళీగా ఉన్నాయి. వసారా మధ్యలో గురుపాదయ్య కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నారు. ఆయన ముందు కమ్మలన్నీ ఒకటే కుప్ప. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా ఆ కుప్పలో పెట్టి, సిద్ధమ్మ బొరుగులు కలిపినట్టు కలుపుతున్నారు. సిద్ధమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"స్వామీ!" అన్నాడు రేవణ్ణ. "ఏం చేస్తున్నారు?"

"కలుపుతున్నాను."

"ఎందుకు?"

"సరిగ్గా కలవలేదు, అందుకని." ఇంకో రెండుసార్లు తిప్పి, లేచి, నూనె చేతులు పంచెకి తుడుచుకున్నారు. "ఏది ఎక్కడిదో చూసి కట్టెయ్యి నాయనా. కట్టేసి బయల్దేరు."

పిల్లలూ, ఇది మాత్రం మీరు ఎవరి పుస్తకాలకీ చెయ్యకండి. ఆయన చేశారని చెప్పి అసలే చెయ్యకండి.

రేవణ్ణకి కోపం వచ్చింది. ఆ కోపంలో అంకెల ప్రకారం సర్దడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మొదటి కమ్మలు ముప్పై రెండు ఒకచోట, రెండో కమ్మలు ముప్పై రెండు ఒకచోట అయ్యాయి. అక్కడితో ఆగిపోయింది. ముప్పై రెండు పన్నెండో కమ్మల్లో ఏది ఏ పుస్తకానిదో అంకె చెప్పదు. కొలత చెప్పదు, చేతిరాత చెప్పదు. చదవాలి. అంతకంటే దారి లేదు.

చదివాడు. పళ్ళు కొరుక్కుంటూ చదివాడు.

నాలుగో రోజున ఒక కమ్మ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "సిద్ధమ్మా, ఇది వంటల కట్టలోదేనా చెప్పు. నాకు వంట తెలియదు."

"చదువు."

"'బెల్లము రెండు మణుగులు. శొంఠి వీశెడు. నువ్వులనూనె కుండెడు. కలిపి ఉడికించి, తాటికాయంత ముద్దలు చేసి, పూటకు పన్నెండు తినిపించవలెను.'"

"తినేది ఎవరు?"

"అది ముందు కమ్మలో ఉందేమో, ఇందులో లేదు."

"తిన్నాక ఏమవుతుందో ఉందా?"

రేవణ్ణ కింది వరుస చూశాడు. "'తినిన పిదప మూడు ఘడియల వరకు ఎవరును వెనుక నిలువరాదు.'"

సిద్ధమ్మ గరిటె కింద పెట్టేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "వంట కాదయ్యా, అది మందు. మనిషికీ కాదు. పోయి ఏనుగుల కట్టలో పెట్టు."

"ఏనుగుల కట్ట ఉందా?"

"నన్నడుగుతావేంది? పన్నెండేళ్ళ సంది దానికి నూనె రాసింది నువ్వు."

రేవణ్ణ వసారాలోకి వచ్చాడు. కుప్పలో వెతికితే ఏనుగుల కమ్మలు ఇంకో పద్నాలుగు దొరికాయి. మావటి ఎవరో చెప్పింది రాసిపెట్టినట్టుంది. ఏనుగుకి కోపం ఎప్పుడు వస్తుంది, వచ్చే ముందు చెవులు ఎలా పెడుతుంది, ఎవరి మాట వింటుంది, ఎవరిని ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ఒక కమ్మ తక్కువైంది. ఆ తక్కువైన కమ్మ కోసం సాయంత్రం దాకా కుప్పంతా తిరగేశాడు. దొరికాక, దాన్ని దారంలోకి ఎక్కించకముందే నిలబడి చదివేశాడు.

గురుపాదయ్య రోజుకొకసారి కర్ర పట్టుకుని అటుగా వచ్చేవారు. "ఎందాకా వచ్చింది?" అని అడిగేవారు. "ఇంకా ఇరవై తొమ్మిది కట్టలు స్వామీ," అనేవాడు రేవణ్ణ. ఆయన వెళ్ళిపోయేవారు.

ఏరు దాటించే పోలయ్య మఠానికి కూరగాయలు తెచ్చి దింపుతూ ఉండేవాడు. ఒకరోజు అతను గంప దించి నిలబడి చెవి ఒగ్గాడు. రేవణ్ణ గుగ్గిలం గురించి ఏదో పైకి చదువుకుంటున్నాడు. గుగ్గిలం ఉంది కదా అని దాన్ని పూజా విధానాల్లో పెట్టబోతున్నాడు.

"సామీ, అది పూజ కాదు," అన్నాడు పోలయ్య. "పడవకి పలకల సందుల్లో పూసేది. గుగ్గిలం, నూనె, పీచు. ఏది, ఇంకోసారి చదువు."

రేవణ్ణ చదివాడు.

"తప్పు," అన్నాడు పోలయ్య.

"ఏది తప్పు?"

"గుగ్గిలం ఒక పాలు, నూనె రెండు పాళ్ళన్నాడు. అంత నూనె పోస్తే ఎండాకాలం కారిపోతది."

"పుస్తకంలో ఉంది పోలయ్యా!"

"ఉంటది సామీ. పుస్తకం తప్పయితే రాసినాయన మునగడు. పడవ తప్పయితే నేను మునుగుతా."

నాలుగు మఠాల తార్కికుడి నోరు అంత తేలిగ్గా మూయించినవాడు అంతకుముందు లేడు.  రేవణ్ణ గంటం తీసి, కమ్మ అంచున సన్నగా రాశాడు: పోలయ్య ఇట్లు అనుచున్నాడు. "కూర్చో," అన్నాడు. "ముందు కమ్మ కూడా చదువుతాను. అందులో ఎన్ని తప్పులున్నాయో చెప్పు."

పోలయ్య ఆ పూట పడవ కట్టేసి కూర్చున్నాడు. అవతలి ఒడ్డున జనం ఎంత అరిచారో నాకు తెలియదు.

అలా కార్తీకం వచ్చింది. బావులు తవ్వేవాళ్ళ పుస్తకం ఒకటి కుదిరింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని రేవణ్ణ పన్నెండేళ్ళు చదువుకున్నాడు. పుట్ట ఉన్నచోట, మట్టి ఈ రంగులో ఉంటే, ఇన్ని బారల కింద నీళ్ళుంటాయని ఒకడు వరసగా చెప్పుకుపోతుంటే, తర్కంలోని అవే మెట్లు, అదే నడక, కాని ఈసారి చివర నీళ్ళు ఉన్నాయి. అతను కమ్మ పట్టుకుని మఠం చుట్టూ పుట్టలు వెతుక్కుంటూ తిరిగాడు. జోలపాటలు కుదిరాయి. ఆ కమ్మలు మనసులో చదువుకుందామనుకున్నాడు గాని, పెదవులు ఆగలేదు. వంటింట్లోంచి సిద్ధమ్మ అందుకుంది. పుస్తకంలో లేని ఇంకో రెండు చరణాలు పాడింది. అవీ రాసుకున్నాడు. కలలకి అర్థాలు చెప్పే పుస్తకం ఒకటి కుదిరింది. పొలం గట్టు తగాదాలు ఎన్ని రకాలో చెప్పే పుస్తకం ఒకటి కుదిరింది. అది చదువుతూ ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వుతుంటే, ఏనుగు మందు గాని తిన్నాడా అని సిద్ధమ్మ తొంగి చూసింది.

సముద్రం చూడాలని నడిచి వెళ్ళిన ఒక సాలె ఆయన రాసుకున్న పుస్తకం అన్నిటికంటే ఆలస్యంగా కుదిరింది. ఆ కమ్మలు ఒక్కోటి ఒక్కో మూల దొరికాయి. ఆయన ఒక ఏరు దాటతాడు, తరువాతి కమ్మ ఉండదు. రేవణ్ణకి అన్నం సయించేది కాదు. భోజనానికి రమ్మని సిద్ధమ్మ మూడుసార్లు పిలిస్తే, మూడోసారికి "ఆయనకి జ్వరం వచ్చింది, ఉండు," అన్నాడు.

"ఎవరికి?" అని ఆవిడ కంగారుపడింది.

"సాలె ఆయనకి."

ఆ సాయంత్రమే గురుపాదయ్య వచ్చారు. "ఎందాకా వచ్చింది?"

రేవణ్ణ తల ఎత్తలేదు. "సముద్రం ఇంకా రెండు రోజుల నడక ఉంది స్వామీ."

గురుపాదయ్య చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయారు. వంటింటి దగ్గర ఆగి, "వాడికి అన్నం అక్కడికే పంపించు సిద్ధమ్మా," అన్నారు.

పుష్యమాసపు చలిలో పని పూర్తయింది. ముప్పై రెండు కట్టలూ కుదిరాయి. దారాలు బిగించాడు, చెక్కలు పెట్టాడు, ఎర్రగుడ్డలు చుట్టాడు. చాప ఎత్తి దులపబోతే ఒక్క కమ్మ మిగిలి ఉంది.

 ఎక్కడో తప్పు జరిగిందనుకున్నాడు రేవణ్ణ. ఏదో ఒక కట్ట మధ్యలో ఖాళీ ఉండిపోయింది. అంచున అంకె చూశాడు, నలభై ఒకటి. కట్టలన్నీ మళ్ళీ విప్పాడు. మూడు రోజులు పట్టింది. నలభై ఒకటో కమ్మ ఉండవలసిన ప్రతి పుస్తకంలోనూ నలభై ఒకటో కమ్మ ఉంది. ఇది ఎక్కువ.

దాని మీద ఇలా ఉంది:

"అని ఆ పిల్ల నీళ్ళకుండ దించెను. కుండలోని నీటిలో నాలుగు చుక్కలు కనబడినవి. తల ఎత్తి చూచెను. ఆకాశమున మూడే ఉన్నవి. అప్పుడు ఆ పిల్ల"

అంతే. కమ్మ అయిపోయింది.

ఇది కథో, జ్యోతిషమో, కలల పుస్తకమో, బావుల పుస్తకమో రేవణ్ణకి తెలియలేదు. నాలుగు రకాలుగానూ ఊహించాడు. ఒక్క ఊహ కూడా నిలబడలేదు. మొదటి వాక్యం చూసి చివరి వాక్యం చెప్పేవాడు, ఆ ఒక్క వాక్యం ఎలా ముగుస్తుందో చెప్పలేకపోయాడు.

కమ్మ తీసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. పొద్దుటి ఎండలో ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"స్వామీ, ఇది ఏ కట్టలోదీ కాదు."

గురుపాదయ్య కమ్మ అందుకున్నారు. చూడలేదు. బొటనవేలితో అంచు తడిమారు. ఆయన ముఖం చిన్నపిల్లల ముఖంలా అయింది.

"మా గురువుగారు నాకు ఇచ్చిన కమ్మ ఇది. ఆ రోజు కుప్పలో నేనే కలిపాను," అన్నారు. "అసలుది పొడైపోతుంటే ఆయనే దించి రాశారు. ఏ పుస్తకానిదో ఆయనకి తెలియదు."

"మీకు?"

"నాకూ తెలియదు."

"మీరు వెతకలేదా స్వామీ?"

"వెతక్కుండా ఎలా ఉంటాను? ఆ పిల్ల ఏం చేసిందో తెలియాలి కదా." కమ్మని ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇరవై ఆరేళ్ళు తిరిగాను. ఎవరింట్లో పుస్తకం ఉందంటే ఆ ఇంటికి పోయేవాణ్ణి. మావటి ఇల్లు, పడవలు చేసేవాళ్ళ ఇల్లు, సాలె ఇల్లు. నలభై ఒకటో కమ్మ లేని పుస్తకం మీ ఇంట్లో ఉందా అని అడిగేవాణ్ణి. అది లేదు స్వామీ, ఇంకోటి ఉంది అనేవాళ్ళు."

"అప్పుడు?"

"అప్పుడేముంది, కూర్చుని దాన్ని దించి రాసుకునేవాణ్ణి."

రేవణ్ణ తల తిప్పి పుస్తకాల గది వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. లోపల కుడి గోడ నిండా ఎర్రగుడ్డల కట్టలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

 

"పని అయిపోయింది కదా," అన్నారు గురుపాదయ్య. "దక్షిణాదికి ఎప్పుడు ప్రయాణం?"

రేవణ్ణ ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "దక్షిణాది మీరు తిరిగారా స్వామీ?"

"తిరిగాను."

"తిరగనిది ఏ దిక్కు?"

గురుపాదయ్య కర్ర ఎత్తి ఏటికి అవతలి ఒడ్డు చూపించారు. "అటు పోయేసరికి కళ్ళు పోయాయి."

రేవణ్ణ కమ్మని రెండు చేతులా తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు. లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "నాకూ దొరకకపోతే?"

"దొరికినవి పట్టుకురా," అన్నారు గురుపాదయ్య. "వచ్చి చదివి వినిపించు. వీళ్ళంతా ముక్కుతో చదువుతారు."

పిల్లలూ, కథ ఇంతవరకే నాకు తెలుసు. రేవణ్ణకి అది దొరికిందో లేదో నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు, నేను కల్పించి చెప్పను. దీన్ని మీ స్నేహితులకి చెప్పండి, పెద్దయ్యాక మీ పిల్లలకి చెప్పండి. మిగతా మాటలు మీకు వచ్చినట్టు చెప్పుకున్నా ఫరవాలేదు గాని, ఆ కమ్మ మీద ఉన్నది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వినేవాళ్ళలో ఎవరింట్లోనైనా ముందరి నలభై కమ్మలు ఉన్నాయేమో, వాళ్ళు గుర్తుపట్టాలి కదా.